తలుపు బందుకి కూడా ముద్రా అని నవ్వేవాళ్ళకి

మొన్న సంక్రాంతికి మా ఇంటినిండా చుట్టాలే. భోజనాలయ్యాక మగవాళ్ళంతా హాల్లో చేరి దేశాన్ని బాగుచేసే పనిలో ఉన్నారు. నేను కాఫీలు పట్టుకెళ్ళేసరికి మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, అంటున్నారు: "ఇంక తలుపు బందుకి కూడా ఐఎస్ఐ ముద్ర ఉండాలిట. రేపు మేకుకి అడుగుతారు, ఎల్లుండి అగ్గిపుల్లకి అడుగుతారు." అందరూ గొల్లున నవ్వారు. మావారూ నవ్వారు. సోఫా చివర కూర్చున్న మా అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. కుడిచేత్తో ఎడమ మణికట్టు నిమురుకుంటూ కూర్చున్నారు.

ఆ మణికట్టు సంగతి ముందు చెప్పాలి. మేముండేది విశాఖలో, సముద్రపు గాలి నేరుగా కొట్టే ఫ్లాటులో. కిందటేడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున అత్తయ్యగారు బాత్రూంలోంచి బయటికి వస్తూ, గడప దాటడానికి తలుపు పట్టుకున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఏదో ఒకటి పట్టుకోకుండా ఎలా దాటుతారు? పైబందు చీల దగ్గర పుటుక్కున విరిగింది. తలుపు ఒక పక్కకి ఒరిగింది, దాంతోపాటు ఆవిడా ఒరిగారు. మణికట్టు ఎముక చిట్లింది. ఆరువారాలు కట్టు. ఆ ఆరువారాలూ తలకి నూనె పెట్టడం దగ్గర్నుంచి జాకెట్టు హుక్కులు పెట్టడం దాకా అన్నీ నేనే. చాకిరీ గురించి కాదు నా బాధ. "నేను బరువైపోయాను కదమ్మా" అని ఆవిడ రోజూ అనేవారు చూడండి, అది.

ఆ విరిగిన బందు నా దగ్గరే ఉంది. మడతబందు అని మా నాన్నగారు అనేవారు, ఇప్పుడు షాపులో హింజ్ అంటేగానీ ఇవ్వరు. పైన బంగారు రంగు పూత, లోపల తుప్పు. రేకు ఎంత పల్చనంటే గట్టిగా వేలితో నొక్కితే వంగుతుంది. ఫ్లాటు తీసుకుని అప్పటికి ఆరేళ్ళు కూడా నిండలేదు.

అన్నయ్యగారు పాతికేళ్ళుగా హార్డ్‌వేర్ వ్యాపారంలో ఉన్నారు. మంచి మనిషి, నాకు ఆయనంటే గౌరవం. ఈ బ్లాగు చదువుతారు కూడా. చదవాలనే రాస్తున్నాను.

ముందు అసలు విషయం తెలియనివాళ్ళకి. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ, బీఐఎస్, వస్తువులకి ప్రమాణాలు రాస్తుంది. చాలావాటికి ముద్ర తీసుకోవడం తయారీదారు ఇష్టం. కేంద్రం నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ఇచ్చిన వస్తువులకి మాత్రం ఇష్టాయిష్టాల్లేవు. ముద్ర లేకుండా తయారుచేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు, అమ్మకానికి పేర్చకూడదు. పిల్లల బొమ్మలకీ ప్రెషర్ కుక్కర్లకీ 2021లో ఇలాగే వచ్చింది. బల్లలు, కుర్చీలు, మంచాలు, అల్మారాలకి 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చారు. ఇప్పుడు ఆ వరసలోకి బందులు కూడా చేరాయి. అన్నయ్యగారి ఎగతాళి అందుకే.

ఇదేదో నిన్న కనిపెట్టిన చాదస్తం కాదు సుమా. స్టీలు బందులకి ఐఎస్ 1341 అని ప్రమాణం దశాబ్దాలుగా ఉంది. తలుపు గడియలకి ఐఎస్ 204, హ్యాండిళ్ళకి ఐఎస్ 208, మోర్టిస్ తాళాలకి ఐఎస్ 2209. రేకు మందం ఎంతుండాలి, చీల ఎంత లావుండాలి, స్క్రూ కన్నాలు ఎక్కడుండాలి, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ప్రభుత్వ భవనాలు కట్టేటప్పుడు టెండరు కాగితాల్లో ఈ నంబర్లు వేస్తూనే ఉన్నారు. అంటే ఆఫీసరుగారి గది తలుపుకి ఇన్నాళ్ళూ లెక్క ఉంది. మా అత్తయ్యగారి బాత్రూం తలుపుకి లేదు. ఇందులో నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు.

అన్నయ్యగారి మొదటి వాదన: "కొనేవాడికి ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలమ్మా. డబ్బున్నవాడు మంచిది కొంటాడు, లేనివాడు చవకది కొంటాడు. మధ్యలో ప్రభుత్వం ఎందుకు?"

ఎవరండీ కొనేవాడు? నేను మా తలుపుల బందులు ఎప్పుడైనా ఎంచుకున్నానా? గ్రానైటు రంగు అడిగారు, టైల్స్ అడిగారు, హాల్లో ఫ్యాను ఎక్కడ కావాలో అడిగారు. బందు గురించి ఎవరూ అడగలేదు. మాకిచ్చిన కాగితంలో "డోర్స్ విత్ ఫిట్టింగ్స్" అని ఒక్క ముక్క ఉంది. కొన్నది బిల్డరు దగ్గర పనిచేసే కాంట్రాక్టరు. బిగించింది రోజుకూలికి వచ్చిన వడ్రంగి. ఇరవై రూపాయలు మిగిలితే మిగిలింది కాంట్రాక్టరుకి, విరిగితే విరిగింది మాకు. కొనే చెయ్యి ఒకరిది, పట్టుకునే చెయ్యి ఇంకొకరిది అయినప్పుడు స్వేచ్ఛ అన్న మాటకి అర్థమేమిటి? నా బదులు ఎవరో కొంటున్నారు కాబట్టే, నా బదులు ఎవరో ఒకరు ముందే పరీక్ష చేసి ఉండాలంటున్నాను.

2025 నవంబరులో కేంద్రం పాలిస్టరు నూలు, దారాల ముడిసరుకుల మీద ఇలాంటి ఉత్తర్వుల్ని కొన్నింటిని వెనక్కి తీసుకుంది. "చూశారా, వాళ్ళే తప్పు ఒప్పుకున్నారు" అన్నారు అన్నయ్యగారు. అక్కడ కొనేది మిల్లు, అమ్మేదీ మిల్లు. ఇద్దరికీ ఇంజనీర్లున్నారు, సరుకు నచ్చకపోతే లారీతో సహా తిప్పి పంపేస్తారు. అది వెనక్కి తీసుకున్నారంటే నాకేమీ అభ్యంతరం లేదు. నా దగ్గర ఏ ల్యాబు ఉంది? బంగారు పూత చూసి మురిసిపోవడం తప్ప నాకేం తెలుస్తుంది?

బంగారమంటే గుర్తొచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ లేకపోతే అమ్మకూడదు. మా ఆడపడుచు కిందటి అక్షయ తృతీయకి గొలుసు కొని, షాపులోనే ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ కోడ్ కొట్టి చూసుకుని మరీ డబ్బు కట్టింది. పక్కనే నిలబడి అన్నయ్యగారే కళ్ళజోడు సర్దుకుని అక్షరాలు చదివి చెప్పారు. ఆ గొలుసు ఏడాదిలో పదిసార్లు బయటికొస్తుందేమో. మా వంటింట్లో గిన్నెల అల్మారా తలుపు నేను తక్కువలో తక్కువ రోజుకి ఇరవైసార్లు తెరుస్తాను. ఏడాదికి 7,300. పదేళ్ళకి 73,000. దాని వెనకున్న బందు ఎన్ని సార్లకి ఓర్చుకుంటుందో ఎవరైనా ముందు తెరిచి మూసి చూశారా అని అడిగితే మాత్రం చాదస్తం!

ధర పెరుగుతుందంటారు. పెరుగుతుంది, కాదనను. తలుపు విరిగాక మేం అన్ని గదులకీ బందులు మార్పించాం. ఏడు తలుపులు, తలుపుకి మూడు, మొత్తం ఇరవై ఒకటి. చవకదానికీ గట్టిదానికీ నాకు షాపులో చెప్పిన తేడా ఒక్కోదానికి ఎనభై రూపాయలు. అంటే 1,680 రూపాయలు. మొత్తం ఫ్లాటుకి! అత్తయ్యగారి కట్టుకి, ఎక్స్‌రేలకి, ఆటోలకి అయిన దాని పక్కన ఇది ఏ మూలకి? అద్దె ఇళ్ళవాళ్ళకీ, చిన్న ఇల్లు కట్టుకునేవాళ్ళకీ వెయ్యి కూడా బరువేనని నాకు తెలుసు. కానీ వాళ్ళ తలుపే ముందు ఊడుతుంది, వాళ్ళే మళ్ళీ కొంటారు.

ఆయన చెప్పినదాంట్లో నాకు గట్టిగా తగిలిన మాట ఒకటుంది. రాజ్‌కోట్‌లో, అలీగఢ్‌లో చిన్న చిన్న షెడ్లలో ఇద్దరు ముగ్గురు కలిసి బందులు, తాళాలు చేసుకుని బతికేవాళ్ళున్నారు. పరీక్షల ఖర్చు, లైసెన్సు ఫీజు, తనిఖీకి వచ్చేవాళ్ళు, వీటన్నిటికీ వాళ్ళు తట్టుకోగలరా? పెద్ద కంపెనీలకి ఇదే అదనుగా దొరకదా? ఇది నవ్వి కొట్టిపారేసే మాట కాదు. ఆ షెడ్లలోవాళ్ళూ ఎవరో ఒకరి అత్తయ్యని చూసుకుంటున్నవాళ్ళే. ఇలాంటి ఉత్తర్వుల్లో చిన్న యూనిట్లకి కొన్ని నెలలు ఎక్కువ గడువిస్తారు. అది చాలదనుకుంటే గడువు పెంచమని అడగండి, ఊరికో ఉమ్మడి ల్యాబు పెట్టమనండి, ఫీజు సర్కారే కట్టాలని అడగండి. నేనూ సంతకం పెడతాను. కానీ చిన్నవాళ్ళ పేరు చెప్పి ఎక్కడ తయారైందో కూడా తెలియని, పేరూ ఊరూ లేని డబ్బాల సరుకుని కాపాడకండి. మా పాతబందు మీద తయారుచేసిన వాళ్ళ పేరులో ఒక్క అక్షరం కూడా లేదు. ఏ చిన్నవాడి పొట్ట కొట్టానని బాధపడాలి నేను?

ముద్ర పడితే అంతా బాగైపోతుందని కూడా అనుకోవడం లేదు. మా తలుపుకి మూడు బందులుండాల్సిన చోట రెండే వేశారు, స్క్రూలు నాలుగు కన్నాల్లో రెండింటికే పెట్టారు. ఏ ఐఎస్ఐ ముద్ర దీన్ని ఆపుతుంది? దొంగ ముద్రలూ ఉంటాయి. ఇంటికొచ్చి కూర్చుని వడ్రంగి చేసిచ్చే కప్‌బోర్డులో ఏ బందు వేశాడో చూసేదెవరు? డబ్బా మీద ముద్ర ఉంటుంది, ఆ డబ్బా చెత్తలోకి పోతుంది, బందు గోడలోకి పోతుంది. ఈ ఉత్తర్వుతో నా పేచీ అల్లా ఇదే. కొట్టు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. ఫ్లాటు అప్పగించేటప్పుడు ఏ బందు, ఏ గడియ, ఏ లైసెన్సు నంబరు అని కాగితం మీద రాసివ్వాలని బిల్డర్లని కూడా కట్టడి చేయాలి. ముద్ర కింద సీఎం/ఎల్ అని ఉండే నంబరు అదే బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా ఉందో లేదో కనిపిస్తుంది. మీ ఇంట్లో వడ్రంగి పని నడుస్తుంటే ఖాళీ డబ్బాలు పారేయనివ్వకండి. నేనైతే పోపుల డబ్బా వెనక దాచుకున్నాను.

కొత్త బందులకి మావారితో కలిసి వెళ్ళినప్పుడు ముద్ర చూపించమని అడిగాను. కొట్టతను నాకు జవాబు చెప్పకుండా మావారివైపు తిరిగి, "సార్, ఇవన్నీ మేడంగారికెందుకండీ, సరుకు గ్యారంటీ నాది" అన్నాడు. మావారు ఏమీ అనలేదు, నా వైపు చూశారు. నేను సంచిలోంచి విరిగిన బందు తీసి కౌంటరు మీద పెట్టి, "ఇదీ గ్యారంటీ సరుకేనండి" అన్నాను. అతను లోపలికి వెళ్ళి వేరే డబ్బా తెచ్చాడు.

అత్తయ్యగారు ఇప్పటికీ ఆ తలుపు ముట్టుకోరు. గోడకి స్టీలు కడ్డీ వేయించాం, అది పట్టుకునే దాటుతున్నారు. మొదటిరోజు ఆ కడ్డీని మూడుసార్లు గట్టిగా లాగి చూసి, "దీనికి ముద్ర ఉందా అమ్మా" అని అడిగారు.

ఉగాదికి అన్నయ్యగారు మళ్ళీ వస్తారు. పాతబందు శుభ్రంగా తుడిచి ఉంచాను, ఈసారి కాఫీ ట్రేలోనే పెట్టి ఇస్తాను.