ఖాందాన్‌లో ఉన్న జబ్బును దాస్తే నష్టం ఎవరికి?

రిష్తా మాటల్లో షుగర్, బీపీ గురించి చెప్పడానికి ఎవరూ పెద్దగా వెనకాడరు. మామూకో ఖాలాకో మానసిక జబ్బు ఉందంటే మాత్రం నోరు మెదపరు. ఖమ్మం పట్నమైనా, భద్రాచలం అడవి అంచు ఊరైనా ఈ భయం ఒకటే: ‘పిల్లకు సంబంధం తప్పిపోతుంది.’

ఆ భయం ఎంతవరకు నిజం? బైపోలార్ జబ్బు మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఉంటే ఆ లెక్క నూటికి 5 నుంచి 10 దాకా పెరుగుతుంది. అంటే అలాంటి ఇళ్లలోనూ కనీసం 90 మందికి రాదు. రక్తంలో వచ్చేది జబ్బు కాదు, దాని ముప్పు మాత్రమే.

అసలు నష్టం దాచడంలోనే ఉంది. బైపోలార్ చాలామందిలో ముందు దిగులుగానే కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికి ఏముందో డాక్టరుకు చెప్పకపోతే, ఒట్టి డిప్రెషన్ అనుకుని మందు రాస్తారు. ఆ మందు ఒక్కటే వాడితే కొందరిలో ఉన్మాదం ఎగదన్నుతుంది. ఈ జబ్బున్న తల్లికి కాన్పు తర్వాత వారాలు మరీ ప్రమాదం. లిథియం వాడేవారు రంజాన్ ఉపవాసాలకు ముందే డాక్టరును అడగాలి. ఒంట్లో నీరు తగ్గితే మందు విషమవుతుంది, సహరీకి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు.

భద్రాచలం నుంచి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి 300 కిలోమీటర్ల పైమాటే. అందుకే చాలామంది ముందు ఆమిల్ దగ్గరికే వెళ్తారు. దువా చేయించుకోవచ్చు, కానీ దానికోసం మందు ఆపకూడదు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందు కూడా దించాడన్నది హదీసు సారమే. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మతి చెదిరినవారికి వేరే వార్డు ఉండేది.

దారి దూరమైనా ఫోన్ దగ్గరే ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. 2017 చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు మిగతా జబ్బుల్లాగే మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలి.

నికాహ్‌కు ముందే చెబితే ఒక రిష్తా పోవచ్చు. దాచి చేస్తే, మందులు దొంగచాటుగా మింగలేక కోడలు మానేస్తుంది, జబ్బు ముదురుతుంది, అప్పుడు రెండు ఇళ్లూ కూలుతాయి. ఏది పెద్ద నష్టమో పెద్దలే తూచుకోవాలి.