గొలుసు రంపము మొరాయించినచో

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానములో కొబ్బరిచెట్లు కూలినపుడు పెట్రోలు రంపముల విలువ తెలిసినది. కాని పని ముగియగనే పెట్రోలుతోనే మూలబెట్టిన రంపము అవసరమునాటికి కదలదు. తప్పు యంత్రముది కాదని నా అభిప్రాయము. నేటి పెట్రోలులో ఇథనాలు కలదు. అది తేమను పీల్చును, నిలువయున్నచో కార్బురేటరు చెడును. నెల దాటి వాడనిచో ట్యాంకు ఖాళీచేసి, ఇంజను తానై ఆగువరకు నడిపి ఉంచుడు. కంపెనీ పుస్తకములో 50:1 అని యున్నచో లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోకు ఆయిలు కొలిచి కలుపుడు, అందాజు పనికిరాదు.

మెకానిక్కు వద్దకు పోకముందే ఎయిర్ ఫిల్టరు దులిపి, ప్లగ్గు విప్పి తుడువుడు. కొబ్బరిమ్రాను పళ్లను త్వరగా మొద్దుబార్చును. రంపము పేళ్లకు బదులు పొడి రాల్చుచున్నచో నొక్కి కోయకుడు, చేతులకే ముప్పు. ఇంజను ఆపి, ప్లగ్గు తీగ ఊడదీసి, గుండ్రని ఆకురాయితో అన్ని పళ్లను సమానముగా అరగదీయుడు.