ఈ కెరీర్‌కి ప్లేస్‌మెంట్ సెల్ దారి చూపదు

నెల్లూరు, కావలి, గూడూరు కాలేజీల నుంచి నాకొచ్చే మెసేజ్‌లు ఎక్కువగా ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. ‘అన్నా, ఏ కోర్సు నేర్చుకుంటే తొందరగా జాబ్ వస్తుంది?’ పైథానా, డేటా సైన్సా, ఏఐనా? ఈ ప్రశ్నలో తప్పేం లేదు. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ ఉన్నప్పుడు ఎవరైనా అదే అడుగుతారు. నా బాధల్లా మన దగ్గరున్న లిస్టు గురించే. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, గ్రూప్స్, లేదంటే పోర్టు పక్కన ఏదో ఫ్యాక్టరీ. అంతే, లిస్టు అయిపోతుంది. రీసెర్చ్ అనే మాట అందులో కనిపించదు. ‘అది ఐఐటీ వాళ్లకి, అమెరికా వెళ్లేవాళ్లకి’ అని మనమే కొట్టేస్తాం.

అలా కొట్టేసే ముందు ఒక్క కెరీర్ గురించి తెలుసుకోండి.

డాక్టర్ సువర్ణ అల్లాడి న్యూరాలజిస్టు. అల్జీమర్స్, ఇతర డిమెన్షియా జబ్బులే ఆమె పరిశోధన. కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్ జాన్ హాడ్జెస్ బృందంతో కలిసి చేసిన పని 2007లో ‘బ్రెయిన్’ అనే పత్రికలో వచ్చింది. అల్జీమర్స్ ప్రతిసారీ మతిమరుపుతోనే మొదలవ్వదనీ, కొందరిలో మాట తడబడటం, చూపుతో పోల్చుకోలేకపోవడం ముందు కనిపిస్తాయనీ అందులో చూపించారు. హైదరాబాద్ నిమ్స్‌లో మెమరీ క్లినిక్‌తో ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

ఆమెకు ప్రపంచమంతా పేరు తెచ్చిన ప్రశ్న మాత్రం హైదరాబాద్ వీధుల్లోదే. అక్కడ ఒకే మనిషి ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లిషో మాట్లాడతాడు. రోజంతా భాషలు మార్చే ఈ అలవాటు మెదడుకి ఏమైనా మేలు చేస్తుందా? నిమ్స్ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు పరిశీలించారు. వాళ్లలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలొచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఈ ఫలితం అచ్చయింది.

అంతకు ముందు విదేశాల్లో ఇలాంటి అధ్యయనాలు వచ్చినప్పుడు ఒక అనుమానం ఉండేది. రెండు భాషలొచ్చినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లా, వలస వల్లా? చదువు వల్ల కూడా కావచ్చు కదా? హైదరాబాద్‌లో రెండు భాషలు మాట్లాడటానికి వలస రావక్కర్లేదు, బడికీ వెళ్లక్కర్లేదు. అక్షరం ముక్క రాని పేషెంట్లలో కూడా అదే తేడా కనిపించింది. అంటే ఆ ప్రశ్న తేల్చడానికి లండన్ కన్నా హైదరాబాదే మంచి చోటు.

ఒక్క జాగ్రత్త. రెండు భాషలొస్తే అల్జీమర్స్ రాదని ఎవరూ అనలేదు. ఆ అధ్యయనం చెప్పింది లక్షణాలు ఆలస్యం కావడం గురించే. దీని మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా నడుస్తోంది. వాట్సాప్ ఫార్వర్డ్‌కీ రీసెర్చ్‌కీ తేడా అదే.

ఇప్పుడు మన తీరానికి రండి. తడ, సూళ్లూరుపేట, పులికాట్ వైపు తెలుగు, తమిళం కలిసే బతుకుతాయి. నెల్లూరు బజారులో ఉర్దూ వినిపిస్తుంది. కృష్ణపట్నం పోర్టు దగ్గర హిందీ వినిపిస్తుంది. మనకి ఇది చాలా మామూలు విషయం. పరిశోధకుడికి మాత్రం ఇదో ప్రశ్నల గని. పైగా వైద్య పరిశోధనకి నెల్లూరు కొత్తేమీ కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి వంగిపోయే జబ్బును మన దేశంలో మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే.

‘నాది తెలుగు మీడియం’ అని తల దించుకునేవాళ్లకి ఇంకో మాట. మతిమరుపు జబ్బుని గుర్తించడం ప్రశ్నలతో మొదలవుతుంది. ఇవాళ తేదీ ఎంత? వందలోంచి ఏడు తీసేసుకుంటూ రండి. ఇలాంటి పరీక్షలు బడికెళ్లినవాళ్లని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మైపాడు దగ్గర వేటకెళ్లే పెద్దాయనకి ఇంగ్లిష్ తేదీ తెలియకపోవచ్చు. అమావాస్య ఇంకా ఎన్నాళ్లుందో మాత్రం టక్కున చెప్తాడు. ఆయనకి మతి తప్పిందా, మన ప్రశ్నే తప్పా? అందుకే భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళం భాషల్లో ఒక పరీక్షల సెట్ తయారు చేయించింది. ఆ పనిలోనూ డాక్టర్ సువర్ణ ఉన్నారు. ఇలాంటి పనికి పెద్దవాళ్లతో వాళ్ల యాసలో, ఓపిగ్గా మాట్లాడగలిగిన మనిషి కావాలి. అది మీరు కావచ్చు.

అవసరం ఎంతుందో చూడండి. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. ఇళ్లలో మాత్రం ‘వయసు మీద పడింది కదా, చాదస్తం’ అని వదిలేస్తాం. చికిత్స వైపు చూస్తే, లెకానెమాబ్ అనే మందుకి అమెరికా 2023లో పూర్తి అనుమతి ఇచ్చింది. ట్రయల్‌లో 18 నెలల కాలంలో జబ్బు ముదిరే వేగాన్ని అది సుమారు 27 శాతం తగ్గించింది. ఆపలేదు, నయం చేయలేదు. మెదడులో వాపు, రక్తస్రావం లాంటి రిస్కులూ ఉన్నాయి. రక్త పరీక్షతో జబ్బుని పట్టే పద్ధతులు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అంటే ఈ రంగంలో పని అయిపోలేదు, ఇంకా బోలెడు మిగిలుంది.

‘మేం డాక్టర్లం కాదు కదా’ అంటారా? దారులు చాలా ఉన్నాయి. బయోటెక్, బయోకెమిస్ట్రీ వాళ్లకి సీఎస్ఐఆర్ నెట్ ఉంది. ఇంజినీర్లకి గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది. ఎంఆర్ఐ స్కాన్లు చదివే ప్రోగ్రాములు రాయాలంటే కోడింగ్ వచ్చినవాళ్లే కావాలి. సైకాలజీ, స్పీచ్ థెరపీ, నర్సింగ్, స్టాటిస్టిక్స్... అందరికీ చోటుంది. బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురలో 45 ఏళ్లు దాటిన పది వేల మంది గ్రామీణుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలుపెట్టింది. దాన్ని నడిపించిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవారే.

కష్టం కూడా దాచకూడదు. జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. స్టైపెండ్ కొన్నిసార్లు నెలలు ఆలస్యమవుతుంది. న్యూరాలజిస్ట్ కావాలంటే ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కలిపి పదకొండేళ్ల పైమాటే. ఇల్లు మీ జీతం మీదే నడవాలంటే ముందు ఉద్యోగం చేయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఆ పరిస్థితి లేనివాళ్లు కూడా ఈ దారి ఉందని తెలియకే పక్కకి వెళ్లిపోతున్నారు. నా అభ్యంతరం అక్కడే.

కాలేజీలు ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కి పెట్టే ఖర్చులో కొంచెం తీసి, ఏడాదికి ఒక్కసారైనా రీసెర్చ్ చేస్తున్న సీనియర్ని పిలిచి మాట్లాడించాలి. మీ వైపు నుంచి ఈ నెలలో మూడు పనులు చేయండి. నిమ్హాన్స్, ఐఐఎస్సీ, ఐసీఎంఆర్ వెబ్‌సైట్లలో ప్రాజెక్ట్ పోస్టుల నోటిఫికేషన్లు చూడండి. మీకు నచ్చిన అంశం మీద ఒక్క పరిశోధన పత్రం పూర్తిగా చదవండి, అర్థం కాని చోట గుర్తు పెట్టుకోండి. ఆ పత్రం రాసినవాళ్లకి ఒక సూటి ప్రశ్నతో మెయిల్ పంపండి. అందరూ జవాబివ్వరు. ఒక్కరిచ్చినా చాలు. మీ లిస్టులో ఇంకో లైన్ చేరుతుంది.