నిమిషాలే ప్రాణం

ఐస్‌హాకీ ఆటగాళ్లంటే ఉక్కుమనుషులే. అలాంటివాళ్లు ఆట మధ్యలో కుప్పకూలితే టీవీలు, పేపర్లు వేసే మొదటి ప్రశ్న ఒకటే... 'అంత దృఢమైనవాడికి గుండెజబ్బేంటి?' అని. కండబలం వేరు, గుండె లయ వేరు. గుండె కండరంలో లోపమో, లయలో తేడానో పైకి ఏ లక్షణమూ లేకుండానే దాగి ఉండొచ్చు. అసలు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది.

2005 నవంబరు 21న డెట్రాయిట్‌ రెడ్‌వింగ్స్‌ ఆటగాడు జిరి ఫిషర్‌ బెంచీ దగ్గరే పడిపోయాడు. వయసు పాతికేళ్లు. గుండె ఆగింది. జట్టు డాక్టరు పక్కనే ఉన్నారు. ఛాతీ నొక్కారు, డీఫిబ్రిలేటర్‌తో షాక్‌ ఇచ్చారు. ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేకపోయినా ఫిషర్‌ బతికాడు.

2008 అక్టోబరు 13న రష్యాలోని చెఖోవ్‌లో 19 ఏళ్ల అలెక్సీ చెరెపనోవ్‌ కూడా బెంచీ దగ్గరే కూలిపోయాడు. అంబులెన్సు అప్పటికే వెళ్లిపోయిందనీ, డీఫిబ్రిలేటర్‌ బ్యాటరీ పనిచేయలేదనీ వార్తలొచ్చాయి. ఆ కుర్రాడు దక్కలేదు.

2020 ఫిబ్రవరి 11న అనహైమ్‌లో సెయింట్‌ లూయిస్‌ బ్లూస్‌ ఆటగాడు జే బౌమీస్టర్‌ కూలినప్పుడు ఆ పరికరం చేతికందేంత దూరంలో ఉంది. ఆయన బతికి బయటపడ్డారు.

అందుకే అడగాల్సింది 'ఎందుకు పడ్డాడు' అన్నదొక్కటే కాదు, 'సాయం ఎంత దూరంలో ఉంది' అని కూడా. గుండె ఆగాక సాయం అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. స్టేడియంలో డాక్టరుంటారు. ఇంట్లో ఉండేది ఇంటివాళ్లే. మనిషి పిలిచినా పలకక, ఊపిరి సరిగా ఆడకపోతే వెంటనే అంబులెన్సుకి ఫోన్‌ చేయాలి. అది వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి. ఇంట్లో ఒక్కరైనా ఇది నేర్చుకుంటే, ఆ నిమిషాలు వృథా కావు.