“మాస్కు పెట్టుకోలేదు” అన్న సాకును ఖండిస్తున్నాం

పలుగురాయి పొడి మిల్లుల్లో, స్టోన్ క్రషర్లలో పనిచేసినవాళ్లు, సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్‌తో ఊపిరాడక మంచాన పడుతుంటే, “మాస్కులిచ్చాం, వాళ్లే పెట్టుకోలేదు. బీడీలు తాగి తెచ్చుకున్న రోగం” అంటూ యజమానులు చేతులు దులుపుకోవడాన్ని మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది.

ఆ మాస్కు సంగతి అందరికీ తెలియాలి. చెవులకు తగిలించుకునే పల్చటి గుడ్డ అది. మిల్లు నోటి దగ్గర సంచి పట్టుకుని పొడి నింపే మనిషికి కాసేపట్లోనే చెమటకు తడిసి, పిండిముద్దలా ముక్కుకు అతుక్కుంటుంది. లాగేసి తువ్వాలు చుట్టుకుంటాడు. ఏది కట్టుకున్నా ఒకటే. ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగే సిలికా రేణువు 5 మైక్రాన్ల లోపుది. కంటికి ఆనదు, గుడ్డకు ఆగదు.

దుమ్మును పుట్టినచోటే పట్టాలి. క్రషర్ దగ్గరైతే నీళ్లు చిమ్మాలి. పొడి మిల్లులో నీళ్లు కుదరవు గనుక యంత్రాన్ని మూసి, దుమ్ము లాగే గొట్టాలు, ఫిల్టర్లు బిగించాలి. బిగించిన చోట కూడా కరెంటు బిల్లుకు జడిసి ఆపేసి, ఇన్‌స్పెక్టరు జీపు కనబడితే ఆన్ చేయడం మా సభ్యులు చూస్తున్నదే.

ఇంకా దారుణం ఆసుపత్రి చీటీలో జరుగుతోంది. దగ్గు, ఆయాసం, చిక్కిపోవడం చూసి టీబీ అని రాసేస్తారు. ఎక్కడ పనిచేశావని అడిగే నాథుడు లేడు. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ తేలిగ్గా సోకుతుంది, మందులు వాడాల్సిందే. కానీ టీబీ ఒక్కటే రాసి ఊరుకుంటే యజమాని బాధ్యత అక్కడికక్కడే మాఫీ. సిలికోసిస్ కేసును ఫ్యాక్టరీల శాఖకు తెలపాల్సిన బాధ్యత మేనేజరుతో పాటు డాక్టరుకూ ఉందని 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ ఏనాడో చెప్పింది.

పరిహారం ఎగ్గొట్టడానికి, హాజరు పట్టీలో పేరు లేదు, కాబట్టి మావాడు కాడన్న మాటా చెల్లదు. గుజరాత్‌లో గోధ్రా వైపు క్వార్ట్జ్ (పలుగురాయి) మిల్లుల్లో పనిచేసి సిలికోసిస్‌తో చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ వలస కూలీల కుటుంబాలకు తలా రూ.3 లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. మరి ఇక్కడి కూలీ ప్రాణం అంతకన్నా చౌకా?

మిల్లుల్లో ఏటా ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే తీసి, నకలు కార్మికుడి చేతికే ఇవ్వాలని, టీబీ కార్డులో అతను చేసిన పనులన్నీ రాయాలని డిమాండ్ చేస్తున్నాం. ఎక్స్‌రేలో మచ్చలు కనబడ్డాయని ఎవరినైనా పనిలోంచి తీసేస్తే ఆ మిల్లు గేటు ముందే బైఠాయిస్తాం.

— సంఘం కార్యవర్గం