వైద్యుడి చూపు విశాఖ వైపు.. జిల్లా నాడి చూసేదెవరు?

* ఊరిని బట్టి కాదు, తోటి బృందాన్ని బట్టే యువ నిపుణుల నిర్ణయం
* ఒంటరి నియామకాలతో ఖాళీ అవుతున్న కుర్చీలు
* జీతం పెంచితే చాలదంటున్న అనుభవం

శ్రీకాకుళం: అర్ధరాత్రి దాటాక ఉద్దానం పల్లెలో ఓ గర్భిణికి నొప్పులు మొదలయ్యాయనుకుందాం. 108 వాహనం వస్తుంది. దగ్గర్లోని ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడ ప్రసూతి వైద్య నిపుణురాలు ఉంటారు. బిడ్డ అడ్డం తిరిగిందని, శస్త్రచికిత్స తప్పదని నిమిషాల్లో గుర్తిస్తారు. కానీ మత్తు ఇచ్చే వైద్యుడు లేకపోతే ఆమె చదువు, అనుభవం ఆ రాత్రికి అక్కరకు రావు. పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపడం ఒక్కటే ఆమె చేతిలో మిగిలిన పని. ఇలా చీటీలు రాసి రాసి విసిగిన వైద్యురాలు ఏదో ఒక రోజు తన బదిలీ దరఖాస్తు కూడా రాసుకుంటారు. ఆ దరఖాస్తులో కోరుకునే ఊరు చాలాసార్లు విశాఖపట్నమే.

జిల్లాలకు నిపుణులు ఎందుకు రావడం లేదన్న చర్చ ఏళ్ల తరబడి ఒకేచోట తిరుగుతోంది. వైద్యులకు సేవాభావం కొరవడిందని ప్రజలు అంటారు. వసతులు లేవని వైద్యులు అంటారు. జీతం పెంచినా రావడం లేదని పాలకులు అంటారు. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే పీజీ ముగించుకున్న వైద్యుడు ఏ ఊళ్లో స్థిరపడాలో తేల్చుకునే క్షణంలో వేసుకునే అసలు ప్రశ్న వేరు. 'అక్కడ నేను నేర్చిన పని చేయగలనా? చేసేటప్పుడు పక్కన ఎవరుంటారు?' అన్నదే ఆ ప్రశ్న. దీనికి జిల్లా ఆసుపత్రులు జవాబు చెప్పలేకపోతున్నాయి.

లెక్కలు చెబుతున్నదేమిటి?

దేశంలో వైద్యుల సంఖ్య తక్కువేమీ కాదన్నది ప్రభుత్వ వాదన. నమోదైన అల్లోపతి వైద్యుల్లో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారని భావించి, ఆయుష్ వైద్యులను కూడా కలుపుకొంటే 834 మందికి ఒకరు చొప్పున ఉన్నట్లు కేంద్రం 2022లో పార్లమెంటుకు తెలిపింది. వెయ్యి మందికి ఒకరు ఉంటే చాలన్న ప్రమాణం కంటే ఇది మెరుగే. కానీ అదే ఏడాది మార్చి నెలాఖరు నాటి గ్రామీణ ఆరోగ్య గణాంకాలు మరో చిత్రాన్ని చూపాయి. గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో అవసరమైన నిపుణుల్లో దాదాపు 80 శాతం మంది కొరవడ్డారు. శస్త్రచికిత్స నిపుణుల లోటు 83.2 శాతం, పిల్లల వైద్యుల లోటు 81.6 శాతం, జనరల్ ఫిజీషియన్ల లోటు 79.1 శాతం, ప్రసూతి నిపుణుల లోటు 74.2 శాతం. అంటే దేశంలో వైద్యులు లేక కాదు, అవసరమున్న చోట లేకనే ఈ దుస్థితి.

కాళ్లు అటే ఎందుకు?

ఉత్తరాంధ్ర వైద్యుడికి విశాఖపై మక్కువకు మూలాలు లోతుగా ఉన్నాయి. ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలైంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చేదాకా ఈ జిల్లా విద్యార్థికి సమీపంలోని ప్రభుత్వ కళాశాల అదొక్కటే. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో అక్కడ అడుగుపెట్టిన యువకుడు హౌస్‌సర్జన్సీ, పీజీ పూర్తయ్యేసరికి ముప్పయ్యో పడికి చేరువవుతాడు. గురువులు, స్నేహితులు, చాలామందికి జీవిత భాగస్వామి సైతం ఆ పదేళ్లలోనే దొరుకుతారు. కింగ్ జార్జ్ ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకున్న చేతికి ఆ చుట్టుపక్కలే పని వెతుక్కోవడం సహజం.

భార్యాభర్తలిద్దరూ వైద్యులైతే ఒకే ఊళ్లో రెండు కొలువులు కావాలి. ఒకరు గుండె జబ్బుల నిపుణులు, మరొకరు రేడియాలజిస్టు అనుకుంటే చిన్న పట్టణంలో ఇద్దరికీ తగిన పని ఒకేసారి దొరకడం కష్టం. పిల్లలు ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి పోటీ పరీక్షల శిక్షణ ఎక్కడన్న ఆలోచన మొదలవుతుంది. నలభయ్యో పడిలో వైద్యులు జిల్లాను వీడటానికి జీతం కంటే పిల్లల చదువే పెద్ద కారణమవుతోంది.

భద్రత మరో అంశం. రోగి మరణించినప్పుడు బంధువుల ఆగ్రహం ముందుగా తాకేది ఎదురుగా కనిపించే వైద్యుడినే. పెద్ద ఆసుపత్రిలో కాపలా సిబ్బంది, సీనియర్లు అడ్డు నిలుస్తారు. చిన్న ఆసుపత్రిలో ఆ వైద్యుడు ఒంటరి. వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. అయితే రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి గుమ్మంలో చట్టం కాపలా ఉండదు కదా!

నగరం ఇచ్చేదెంత? తీసుకునేదెంత?

విశాఖకు చేరినంత మాత్రాన జీవితం పూలపాన్పు కాదు. మహారాణిపేట వీధుల నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ దాకా నిపుణుల బోర్డులకు కొదవలేదు. కొత్తగా వచ్చిన వైద్యుడు కార్పొరేట్ ఆసుపత్రిలో ఉద్యోగిగా చేరితే పేరు సీనియర్లది, రాత్రి డ్యూటీలు తనవి. సొంత క్లినిక్ తెరవాలంటే అద్దె, అడ్వాన్సు, స్కానింగ్ యంత్రాల అప్పు మీద పడతాయి. రోగి నమ్మకం సంపాదించుకోవడానికి ఏళ్లు పడుతుంది. అదే జిల్లా పట్టణంలో మంచి నిపుణుడి పేరు మూడు మండలాలకు పాకడానికి ఎంతో కాలం అక్కర్లేదు. నగరంలో అరుదుగా తారసపడే కేసులు ఇక్కడ ప్రతి వారం ఎదురవుతాయి. చేయి తిరగడానికి ఇంతకు మించిన బడి లేదు. ఈ సంగతి యువ వైద్యులకు తెలియనిది కాదు. తెలిసీ వెనకాడుతున్నారంటే కారణం ఆ కేసును చేపట్టడానికి తగిన తోడు లేకపోవడమే.

దంపతుల నర్సింగ్ హోమ్‌ల కాలం ముగిసింది

ఒక తరం కిందట చిన్న పట్టణాలను నిలబెట్టింది వైద్య దంపతులు నడిపిన నర్సింగ్ హోమ్‌లే. భర్త శస్త్రచికిత్సలు చేసేవారు, భార్య కాన్పులు చూసేవారు. మేడ మీద కాపురం, కింద ఆసుపత్రి. పొరుగు ఊరి నుంచి వచ్చే మత్తు వైద్యుడితో పని గడిచిపోయేది. ఆ పద్ధతి నేడు నిలవడం కష్టం. వైద్యం శాఖోపశాఖలుగా విడిపోయింది. యంత్రాల ఖరీదు పెరిగింది. రోగి కోరుకునే ప్రమాణాలూ మారాయి.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేదవాడికి గుండె ఆపరేషన్ అందుబాటులోకి రావడం దాని ఘనత. అయితే పెద్ద చికిత్సల సొమ్ము నగరాల్లోని అనుబంధ ఆసుపత్రులకు చేరడంతో నిపుణులూ అటే నడిచారు. రోగి వెంట డబ్బు, డబ్బు వెంట వైద్యుడు వెళ్లిపోతే జిల్లాకు మిగిలింది ప్రయాణమే. శ్రీకాకుళం నుంచి విశాఖకు నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఇచ్ఛాపురం నుంచి లెక్కేస్తే ఆ దూరం రెట్టింపు దాటుతుంది. అందుకే ఆ ప్రాంత రోగులు చాలామంది సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం బాట పడుతున్నారు.

ఉద్దానం నేర్పిన పాఠం

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస తదితర మండలాల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు బస్సెక్కే రోగికి ఇది కొండంత ఊరట.

అయితే భవనం నిర్మించినంత తేలిగ్గా బృందం తయారుకాదు. నెఫ్రాలజిస్టు ఒక్కరే వస్తే చాలదు. డయాలసిస్‌కు దారి ఏర్పరిచే రక్తనాళాల శస్త్రచికిత్స నిపుణుడు, పరీక్షలు చేసే పాథాలజిస్టు, అత్యవసర విభాగంలో రాత్రింబవళ్లు ఉండే వైద్యులు, శిక్షణ పొందిన టెక్నీషియన్లు, నర్సులు కలిసి ఉండాలి. వీరిలో ఎవరు లేకున్నా మిగిలినవారి పని కుంటుపడుతుంది. రాష్ట్రమంతటికీ కావలసిన ఇలాంటి నిపుణులు తక్కువమందే ఉన్నప్పుడు, వారిలో ఒకరు పలాసను ఎంచుకోవాలంటే జీతం పక్కన మరికొన్ని హామీలు కనిపించాలి.

అమెరికా పల్లెకు వెళ్లేవారు టెక్కలికి ఎందుకు రారు?

ఇదే ప్రశ్నను మరో దేశం నుంచి చూస్తే కొంత స్పష్టత వస్తుంది. అమెరికాలో జె-1 వీసాపై వైద్య శిక్షణ పొందిన విదేశీయులు సాధారణంగా రెండేళ్లపాటు స్వదేశానికి తిరిగి వెళ్లాలి. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన నుంచి మినహాయింపు లభిస్తుంది. 1994లో మొదలై, తర్వాత 'కాన్రాడ్ 30'గా మారిన పథకం కింద ఒక్కో రాష్ట్రం ఏటా 30 మంది వైద్యులకు ఈ అవకాశం ఇవ్వవచ్చు. తెలుగు వైద్యులు సైతం ఈ దారిలో ఆ దేశపు చిన్న పట్టణాలకు వెళ్లారు.

వారిని అక్కడికి నడిపించింది సేవాభావం ఒక్కటే కాదు. గడువు ఎంతో ముందే తెలుసు. మూడేళ్ల తర్వాత దక్కేదేమిటో తెలుసు. చేరేచోట ఆసుపత్రి నడుస్తోందన్న భరోసా ఉంది. మన జిల్లాకు వచ్చే వైద్యుడికి ఈ మూడింటిలో ఏదీ ఖాయంగా తెలియదు. ఎన్నాళ్లుంటాడో, ఆ తర్వాత ఎటు పంపుతారో, పక్క గదిలో మత్తు వైద్యుడు ఉంటాడో లేదో అన్నీ అనుమానాలే.

ఏం చేయాలి?

ప్రయత్నాలు అసలే లేవనడం సరికాదు. 'ఎంత కావాలో మీరే చెప్పండి, ఇస్తాం' అనే విధానాన్ని జాతీయ ఆరోగ్య మిషన్ కింద రాష్ట్రాలకు అనుమతించారు. మారుమూల ప్రాంతాలకు ప్రత్యేక భత్యాలూ ఉన్నాయి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2020లో నోటిఫై అయింది. పల్లెలకు వైద్యులను ఆకర్షించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శకాలు వెలువరించి, 2021లో వాటిని సవరించింది. గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను చేర్చుకోవడం, చదువు నగరాల వెలుపల సాగడం, వసతులు, ప్రోత్సాహకాలు కలిసి అమలైతేనే ఫలితమని వాటి సారాంశం. ఒక్క జీతంతో పని జరగదని దీని అర్థం.

జిల్లా స్థాయిలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, నియామకాలు విడివిడిగా కాక బృందాలుగా జరగాలి. ప్రసూతి, మత్తు, పిల్లల వైద్య నిపుణులు ముగ్గురినీ, రక్తం నిల్వ సదుపాయాన్నీ ఒకే ఆసుపత్రికి ఒకేసారి ఇవ్వాలి. అయిదు ఆసుపత్రుల్లో తలో నిపుణుడిని ఉంచి అన్నింటినీ నామమాత్రం చేసే కంటే, రెండింటిని రాత్రింబవళ్లు నడిపించడం మేలు. రెండోది, గడువు నిర్దిష్టంగా ఉండాలి. మూడేళ్లు పనిచేసినవారికి ఆ తర్వాత కోరుకున్న చోటు దక్కుతుందన్న హామీ కాగితంపై ఉండాలి, అమలూ కావాలి. మూడోది, వైద్య దంపతులకు ఒకే పట్టణంలో అవకాశం కల్పించాలి. నాలుగోది, ఆసుపత్రి ప్రాంగణంలో నివాసయోగ్యమైన క్వార్టర్లు, రాత్రి కాపలా ఉండాలి. చివరిది, శ్రీకాకుళం కళాశాలలో పీజీ చదివినవారిని ఊరు వీడకముందే పలకరించాలి. ఈ ఊరి ఎండావానా, ఇక్కడి మాట యాస, రోగి కష్టం వారికి ముందే పరిచయం. తెలిసిన ఊళ్లో ఆగిపోవడం తేలిక, తెలియని ఊరికి తరలిరావడం కష్టం.

ఇందులో ప్రజల బాధ్యతా ఉంది. దగ్గరి ఆసుపత్రిలో నిపుణుడు ఉన్నా చిన్న జబ్బుకు సైతం విశాఖ రైలెక్కితే ఆ నిపుణుడికి పని ఉండదు. పని లేని వైద్యుడు ఎక్కువ కాలం నిలవడు.

ఏ ఊళ్లో ఉండాలన్నది వైద్యుడి సొంత నిర్ణయం. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. ఆ నిర్ణయం తమ ఊరికి అనుకూలంగా మలచుకునే అవకాశం మాత్రం జిల్లాకు ఉంది. మత్తు వైద్యుడి కుర్చీ నిండిన రోజున ప్రసూతి వైద్యురాలు బదిలీ దరఖాస్తును పక్కనపెడతారు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఉద్దానం ఆడపడుచుకు నూరు కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది.