పూడిక బిల్డర్‌ది, తట్ట దళితుడిది

ఏటా వానాకాలానికి ముందు హైదరాబాద్‌లో నాలాల పూడిక తీస్తారు. ఎన్ని కిలోమీటర్లు తీశారు, ఎన్ని కోట్లయ్యాయి అన్నదే వార్త. ఆ పూడిక ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, నాలా పక్క బస్తీల మీదికి వేలు చూపిస్తారు.

చెత్త, ప్లాస్టిక్ ఉంటాయి, నిజమే. కానీ ఎత్తేటప్పుడు నడుము విరిచేది అడుగున పేరుకున్న మట్టీ ఇసుకా. నేలంతా సిమెంటు కప్పేసిన నగరంలో ఇంత మట్టి ఎక్కడ బయటపడుతుంది? సెల్లార్ తవ్వకాల దగ్గర చూడండి. తవ్విన మట్టి రోడ్డు వారన కుప్పపడుతుంది. టిప్పర్ టైర్లకు అంటి వీధంతా పరుచుకుంటుంది. గుంటలో చేరిన బురదనీటిని మోటారు పెట్టి వాననీటి కాలువలోకి తోడేస్తారు. ప్రవాహం నెమ్మదించిన చోట, కల్వర్టుల కింద, ఇసుక దిగిపోతుంది. సన్నటి బంకమట్టి ఇంకా ముందుకు పోయి చెరువులో చేరుతుంది. కాలువ లోతు తగ్గాక మామూలు వానకే నీళ్లు పల్లపు ఇళ్లలోకి వస్తాయి. కట్టడం పూర్తయ్యాక స్థలమంతా గచ్చు చేస్తే ఆ నీళ్లు ఇంకా వేగంగా వస్తాయి. ఇంకుడు గుంత చాలాచోట్ల ప్లాన్ కాగితం మీదే ఉంటుంది.

దీన్ని ఆపడం పెద్ద విద్యేం కాదు. కుప్పపై టార్పాలిన్, పల్లం వైపు మట్టిని ఆపే గుడ్డ కంచె, బురద తేరుకునే గుంట, గేటు దగ్గర కంకర పరిచి టైర్లు కడగడం. నిర్మాణ వ్యర్థాలు కాలువలకు అడ్డుపడకూడదని 2016 నిబంధనల్లోనే రాశారు. అయినా ఆ ఖర్చు బిల్డర్ మిగుల్చుకుంటాడు.

ఆ మిగులుకు మూల్యం ఇంకొకరి ఒంటి మీద పడుతుంది. పెద్ద నాలాలోకి జేసీబీ దిగుతుంది. బస్తీ సందుల్లోకి, స్లాబుల కిందికి మనిషే దిగాలి. ఆ మనిషి ఎక్కువగా కాంట్రాక్టు కింద పనిచేసే దళితుడే. పేరుకు వాననీటి కాలువ, పారేది మురుగు. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ‘ప్రమాదకర శుభ్రత’ నిర్వచనంలో సీవర్, సెప్టిక్ ట్యాంకుల పేర్లే రాసింది. సీవర్ మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. నాలాలో పోయినవాడి కుటుంబం ముందు అది సీవరేనని రుజువు చేసుకోవాలి.

కాబట్టి యంత్రాలు, గ్లౌజులు అడిగి ఊరుకుంటే చాలదు. తవ్వకానికి అనుమతి ఇచ్చేటప్పుడే మట్టి కట్టడికి డిపాజిట్ కట్టించాలి. కింది కాలువలో పూడిక తేలితే తీత ఖర్చు అందులోంచే రాబట్టాలి. ఆ లెక్క తేలేదాకా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.